ఇంటివారికీ గుమ్మమేనా?

మన సంఘం సభలలో భోజనాల వేళ రాజకీయాలూ సినిమాలూ ఒక కొలిక్కి వచ్చిన తరువాత సంభాషణ సాధారణంగా సాఫ్ట్‌వేరు మీదికి మళ్ళుతుంది. ఆ రంగంలో పనిచేసేవారు మనలో అధికసంఖ్యాకులు కనుక ఇది సహజమే. వారి నోట తరచు వినిపించే తగవులలో ఒకటి ఈ వ్యాసానికి విషయం. ఒక క్లాసులోని మెథడు అదే క్లాసుకు చెందిన ఫీల్డును నేరుగా చదువుకోవచ్చునా, లేక అది కూడా బయటివారివలె గెట్టరును పిలిచి అడగవలసిందేనా? పైకి ఇది నిలువుబొట్టా అడ్డబొట్టా అన్న తగవులాగే కనిపిస్తుంది. నేను వృత్తిరీత్యా రసాయనశాస్త్రజ్ఞుణ్ణి. ప్రోగ్రాములు రాయడం నా జీవనాధారం కాదు. అయినా ఈ తగవులో తలదూర్చడానికి కారణం ఉంది. నేటి ప్రయోగశాలలో పరికరం ఇచ్చిన సంఖ్యకూ, మనం నివేదికలో రాసే సంఖ్యకూ మధ్య నిలిచేది ఎవరో రాసిన ఒక క్లాసు. ఆ రెండు సంఖ్యలూ ఒకటి కావు. ఏది ఎప్పుడు చదువుతున్నామో తెలియకపోతే జరిగే నష్టం తెరమీద ఆగదు.

సాఫ్ట్‌వేరుతో పరిచయం లేని పాఠకుల కోసం నాలుగు మాటలు. దత్తాంశాలనూ, వాటి మీద జరపదగిన పనులనూ ఒకేచోట కూర్చిన అచ్చును క్లాసు అంటారు. ఆ అచ్చులో పోసిన బొమ్మ ఆబ్జెక్టు. దత్తాంశాన్ని దాచే అర ఫీల్డు. పని జరిపే భాగం మెథడు. బయటివారు అరలో చెయ్యి పెట్టకుండా, అడిగినప్పుడు అందులోని విలువను తెచ్చి ఇచ్చే మెథడు గెట్టరు; విలువను అరలో పెట్టేది సెట్టరు. ఈ పద్ధతికి మూలపురుషులు నార్వే దేశీయులైన ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యుగార్డ్. వీరు ఓస్లోలో రూపొందించిన భాష పేరు సిమ్యులా 67. ప్రోగ్రామును ముక్కలుగా విడగొట్టేటప్పుడు, రేపు మారే అవకాశమున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక్కొక్క ముక్కలో దాచిపెట్టాలని 1972లో డేవిడ్ పార్నాస్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో ప్రతిపాదించాడు. బయటివారు గెట్టరు ద్వారానే రావాలన్న నియమానికి బలం ఆ వ్యాసం నుంచే వచ్చింది.

స్మాల్‌టాక్ భాషకు ఆద్యుడైన అలన్ కే కళాశాలలో గణితంతో పాటు మాలిక్యులర్ బయాలజీ కూడా చదివినవాడు. ఆబ్జెక్టులను అతడు జీవకణాలతో పోల్చాడు. కణానికి చుట్టూ ఒక పొర ఉంటుంది. పొర దాటి లోపలి రసాయనాలను ఎవరూ నేరుగా తాకరు, సందేశాలు మాత్రమే వచ్చిపోతుంటాయి. రసాయనశాస్త్రజ్ఞునికి ఈ ఉపమానం ఇంపుగానే ఉంటుంది కాని, ఒక ప్రశ్న కూడా వెంటనే తోస్తుంది. కణం లోపల అంతా ఒకే మైదానమా? కాదు. 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ వెలుగులోకి తెచ్చిన లైసోసోములనే చూడండి. వాటి లోపలి ద్రవం ఆమ్లగుణం కలది, పి.హెచ్. సుమారు 5, చుట్టూ ఉన్న కణద్రవం పి.హెచ్. సుమారు 7. దేనినైనా జీర్ణం చేయగల ఎంజైములు ఆ చిన్న సంచిలో బందీలుగా ఉంటాయి కనుకనే కణం బ్రతుకుతున్నది. పొర బయటివారి కోసమే కాదు, కొన్నిచోట్ల లోపలివారి కోసం కూడా.

ఇదే సంగతి మన వంటింట్లో ఇంకా సులభంగా కనిపిస్తుంది. గుమ్మంలో నిలిచిన అతిథి దాహమంటే ఇంటివారు లోపలినుంచి నీళ్ళు తెచ్చి ఇస్తారు. అతిథి వంటింట్లో దూరి కుండలో చెంబు ముంచడు. ఇంతవరకు వివాదం లేదు. ఇంట్లో పిల్లవాడికే దాహమైతే? వాడే వెళ్ళి ముంచుకుంటాడు. వీధి గుమ్మంలోకి వెళ్ళి అక్కడినుంచి అమ్మను అడగమనడం హాస్యాస్పదం. ఫీల్డును నేరుగా చదవవచ్చుననే వారి వాదన సరిగ్గా ఇదే. కాని అదే వంటింట్లో వాసెన కట్టిన ఆవకాయ జాడీ కూడా ఉంటుంది. ఇంటివారైనా సరే దాని మీద చెయ్యి వేయరాదు. బామ్మగారు పొడి చేత్తో, పొడి గరిటెతో తీసి చిన్న గిన్నెలో పెడితేనే అందరూ తినాలి. ఉప్పూ నూనే కలిసి సూక్ష్మజీవులకు నీరు దొరకకుండా చేసిన ఆ జాడీలో ఒక్క తడి చెయ్యి పడితే ఏడాది పచ్చడీ బూజు పడుతుంది. కుండకు గుమ్మం ఇంటికి బయటనే చాలు. జాడీకి ఇంటిలోపల కూడా ఉండాలి. కాబట్టి ఒక ఫీల్డును చూసినప్పుడు అది కుండా, జాడీయా అన్నది మొదట తేల్చుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తాగే నీటిలో ఫ్లోరైడు ఎంత ఉన్నదో కొలవడం మన ప్రాంతానికి పరాయి విషయం కాదు. 1937లోనే నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు వర్ణించారు. నల్లగొండ జిల్లా కథ చెప్పనక్కరలేదు. పటికా సున్నమూ వాడి ఫ్లోరైడును తొలగించే విధానానికి ఆ జిల్లా పేరే స్థిరపడింది. ఫ్లోరైడుకు రంగు లేదు, కాస్తున్న నీటి నుంచి పోదు. ఆ నీరు తాగిన పిల్లల పళ్ళ మీద చారలు పడి, ఎముకలు వంకర తిరిగిన తరువాత గాని తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణం 1.0 వరకు అంగీకరించి, వేరే నీరు దొరకనిచోట మాత్రమే 1.5 వరకు పోనిస్తుంది.

దీనిని కొలిచే సాధనాలలో ముఖ్యమైనది 1966లో మార్టిన్ ఫ్రాంట్, జేమ్స్ రాస్ ప్రకటించిన ఫ్లోరైడు ఎలక్ట్రోడు. దాని కొనలో లాంథనం ఫ్లోరైడు స్ఫటికం ఉంటుంది. ఈ ఎలక్ట్రోడు మనకు ఇచ్చేది ఫ్లోరైడు గాఢత కాదు, మిల్లీవోల్టులు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద గాఢత పదింతలైనప్పుడల్లా పొటెన్షియల్ సిద్ధాంతరీత్యా 59.16 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 35 డిగ్రీల వద్ద ఆ తగ్గుదల 61.1. పైగా గంటలు గడిచేకొద్దీ రీడింగు కొంచెం పక్కకు జరుగుతుంది. దీనిని డ్రిఫ్టు అంటారు. అందుచేత మధ్యమధ్య గాఢత తెలిసిన ద్రావణంలో ఎలక్ట్రోడును ముంచి, ఎంత జరిగిందో చూసి, ఆ మేరకు సవరించుకోవడం ప్రయోగశాలలలో ఆచారం.

ఈ పనికి ఒక క్లాసు రాశారనుకోండి. పేరు 'కొలత'. అందులో పొటెన్షియల్ అనే ఫీల్డు, దానికొక గెట్టరు, 'గాఢత' అనే మెథడు, 'పరిమితి దాటిందా' అనే మరొక మెథడు ఉన్నాయి. మొదటి రోజున గెట్టరు చేసే పని ఏమీ లేదు, ఫీల్డులో ఉన్నదాన్ని ఉన్నట్టు ఇవ్వడమే. 'గాఢత' రాసినవారు గెట్టరును పిలిచారు. 'పరిమితి దాటిందా' రాసినవారు, సొంత ఇల్లే కదా అని, ఫీల్డునే నేరుగా చదివారు. రెండూ ఒకే సమాధానం ఇస్తున్నాయి. ఎవరికీ చింత లేదు. ఏడాది తరువాత మరొకరు వచ్చి, డ్రిఫ్టు సవరణను ఎక్కడ పెట్టాలా అని ఆలోచించి, గెట్టరులో పెట్టారు. అందరూ దాని ద్వారానే వస్తారని వారి నమ్మకం. ఇప్పుడు ఒక బోరుబావి నీటిలో ఫ్లోరైడు నిజంగా 1.60 ఉన్నదనీ, ఎలక్ట్రోడు 6 మిల్లీవోల్టులు పైకి జరిగి ఉన్నదనీ అనుకుందాం. గెట్టరు ద్వారా వెళ్ళిన 'గాఢత' 1.60 అని సరిగానే చెబుతుంది. ముడి ఫీల్డును చదివిన రెండవ మెథడు లోలోపల 1.27 అని లెక్కగట్టి, పరిమితి దాటలేదని తీర్పు ఇస్తుంది. ఆరే ఆరు మిల్లీవోల్టులు! నివేదికలో అంకె కూడా ఉంటే ఎవరో ఒకరు గమనిస్తారు. వందలాది బావులను పటం మీద ఎరుపు, పచ్చ చుక్కలుగా చూపే చోట అంకె ఉండదు. ఆ బావి పచ్చచుక్కగా నిలిచిపోతుంది. ఊరు ఆ నీళ్ళే తాగుతుంది.

కంపైలరు దీనిని తప్పు అనదు. డ్రిఫ్టు సున్నాగా పెట్టుకుని రాసిన పరీక్షలన్నీ నెగ్గుతాయి. ఈ జాతి లోపాన్ని నేను ఒక ప్రయోగశాలలో కళ్ళారా చూశాను. అక్కడ క్రొమటోగ్రాఫు సాఫ్ట్‌వేరు గీసిన గ్రాఫులో నేపథ్యాన్ని తీసివేసిన విలువలు, అదే సాఫ్ట్‌వేరు అచ్చువేసిన పట్టికలో తీసివేయని విలువలు కనిపించేవి. తేడాను పట్టుకున్నది ప్రోగ్రామరూ కాదు, డాక్టరేటు గలవారూ కాదు. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసే అలవాటున్న ఒక టెక్నీషియను.

మనలో చాలామందికి ఇటువంటి కథే మరొకటి బాగా తెలుసు, బహుశా ఈ పేరుతో కాకపోవచ్చు. 2000 సంవత్సరపు సమస్య అది. పంచ్ కార్డులకు 80 నిలువు వరుసలే ఉన్న రోజులలో స్థలం ఆదా చేయడానికి సంవత్సరాన్ని రెండంకెలలో రాసే అలవాటు పడింది. ఆ రెండంకెలు నిలవ ఉండటం ఒక్కటే సమస్య అయితే అది అంత పెద్దది కాదు. వేలాది ప్రోగ్రాములలో లక్షలాది పంక్తులు ఆ రెండంకెలను నేరుగా తాకి, కూడి, తీసివేసి, పోల్చడమే అసలు చిక్కు. ఆనాటి కోబాల్‌లో క్లాసులు లేవు. అయినా తేదీని ఒకే ఉపప్రోగ్రాము ద్వారా అడిగే కట్టుబాటు ఉన్నచోట మరమ్మతు సులువైంది. 50 కంటె తక్కువ అంకె వస్తే 2000 కలుపు, లేకుంటే 1900 కలుపు అని ఆ ఒక్కచోట రాస్తే సరిపోయింది. కట్టుబాటు లేనిచోట ప్రతి పంక్తినీ మనుషులు చదవవలసివచ్చింది. ఆ మనుషులు ఎక్కడినుంచి వచ్చారో ఈ సంచిక పాఠకులకు నేను చెప్పాలా? అమీర్‌పేటలో కోబాల్ నేర్పుతామన్న బోర్డులు వరుసగా వెలిసిన రోజులవి. అమెరికా హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 65,000 నుంచి 1999 ఆర్థిక సంవత్సరానికి 1,15,000కు పెరిగింది. మనవారిలో ఎందరికో ఈ దేశపు తలుపు తెరిచినది, ఒక విధంగా చూస్తే, ఎవరో ఒకప్పుడు గెట్టరు రాయకపోవడమే.

ఇక రెండవ పక్షం మాట. క్లాసు లోపల కూడా సర్వత్రా గెట్టరే వాడాలన్న నియమం పెట్టుకున్నవారు ఇబ్బందిపడే సందర్భాలు ఉన్నాయి. వాటిని తేలికగా కొట్టివేయరాదు. ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టరు సంగతి చూడండి. మన 'కొలత' క్లాసుకు ఒక పిల్ల క్లాసు ఉన్నదనీ, అది 'వాలు' అనే గెట్టరును తిరగరాసి, నీటి ఉష్ణోగ్రతను బట్టి వాలును లెక్కకడుతుందనీ అనుకుందాం. వాలు అంటే కెల్విన్ ఉష్ణోగ్రతను 0.1984తో గుణిస్తే వచ్చే మిల్లీవోల్టులు. జావాలో ముందు తల్లి క్లాసు కన్‌స్ట్రక్టరు నడుస్తుంది. అది 'వాలు' గెట్టరును పిలిస్తే పిల్ల క్లాసు రాసిన గెట్టరే పలుకుతుంది. కాని పిల్ల క్లాసులోని ఉష్ణోగ్రత ఫీల్డు అప్పటికింకా నిండలేదు. అందులో ఉన్నది సున్నా. అంటే బోరుబావి సున్నా కెల్విన్ దగ్గర ఉన్నదని లెక్క! వాలు సున్నా, సున్నాతో భాగహారం, ఫలితం అనంతం. ప్రోగ్రాము ఒక్క మాట కూడా పైకి అనదు. సి++ భాషలోనైతే అదే పిలుపుకు తల్లి క్లాసు గెట్టరే పలుకుతుంది. పైథాన్‌లో ఆ ఫీల్డు ఇంకా పుట్టలేదని ఫిర్యాదు చేసి ప్రోగ్రాము ఆగిపోతుంది. మూడింటిలోనూ నా ఓటు పైథాన్‌కే. ఏది ఎలా ఉన్నా, కన్‌స్ట్రక్టరులో ఫీల్డును నేరుగా తాకడమే క్షేమం.

గెట్టరు వల్ల వేగం తగ్గుతుందన్న వాదానికి మాత్రం కాలం చెల్లింది. 1999లో వచ్చిన హాట్‌స్పాట్ మొదలుకొని జావా యంత్రాలు తరచు పిలిచే చిన్న మెథడులను పిలిచినచోటనే పరిచివేస్తున్నాయి.

ఈ విషయంలో పెద్దల మాట కూడా ఏకగ్రీవం కాదు. కెంట్ బెక్ 1997లో స్మాల్‌టాక్ మీద రాసిన పుస్తకంలో రెండు పద్ధతులనూ రెండు వేరువేరు నమూనాలుగా చూపాడు. మార్టిన్ ఫౌలర్ 1999 నాటి పుస్తకంలో, తన ఇష్టానికి వదిలితే మొదట నేరుగా చదివి, అది అడ్డం వచ్చినప్పుడు గెట్టరుకు మారతానన్నాడు. భాషలు కూడా క్రమంగా ఈ చిక్కును తమ మీద వేసుకున్నాయి. ఒక విలువ నిలవ ఉన్నదా, అప్పటికప్పుడు లెక్కకట్టినదా అన్నది వాడుకరికి కనిపించకూడదని బెర్ట్రాండ్ మేయర్ తన ఐఫెల్ భాషలో నియమం చేశాడు. సి షార్ప్‌లోనూ, 2001 నుంచి పైథాన్‌లోనూ ప్రాపర్టీ అనే ఏర్పాటు ఇదే పని చేస్తుంది. ఫీల్డులా కనిపించేదాన్ని రేపు మెథడుగా మార్చినా వాడినవారి పంక్తులు మారవు. పనికిమాలిన గెట్టర్లను ముందుజాగ్రత్తగా వందలకొద్దీ రాసే ఆచారం ఇక అక్కరలేదు. అయితే క్లాసు లోపల ఈ సౌకర్యమే కొత్త జారుడుబండ అయింది. నేటి ప్రయోగశాలలలో ఎక్కువగా నడిచే పైథాన్‌లో సవరించిన విలువకూ ముడి విలువకూ పేర్లలో తేడా తరచు ముందున్న ఒక్క అండర్‌స్కోరు గీత మాత్రమే. అర్ధరాత్రి పనిచేసే కళ్ళకు ఆ గీత ఎంతవరకు కనిపిస్తుందో ఊహించుకోవచ్చు.

నా అభిప్రాయం ప్రయోగశాల నోటుబుక్కు నేర్పినదే. నోటుబుక్కులో ముడి రీడింగును ఎన్నడూ కొట్టివేసి దాని మీద సవరించిన అంకె రాయరు. దానికి ఒక గడి, దీనికి మరొక గడి, ప్రతి గడికీ దాని పేరు. ప్రోగ్రాములో వచ్చే కష్టమంతా రెండు అర్థాలకు ఒకే పేరు పెట్టడంలో ఉన్నది. ఫీల్డు పేరు 'ముడి పొటెన్షియల్', మెథడు పేరు 'సవరించిన పొటెన్షియల్' అని ఉంటే 'పరిమితి దాటిందా' రాసేవారు ఏది పిలవాలో ఎవరినీ అడగనక్కరలేదు. ముడి రీడింగును డిస్కులో భద్రపరిచే మెథడు దర్జాగా ఫీల్డునే చదువుతుంది. అక్కడ గెట్టరును పిలవడమే తప్పు. సవరించిన విలువను నిలవచేసి, మళ్ళీ తెరిచినప్పుడు ఇంకొకసారి సవరిస్తే ఆ 6 కాస్తా 12 అవుతుంది. తీర్పులు చెప్పే మెథడులన్నీ సవరించిన విలువను అడగాలి. పిల్ల క్లాసులకు తల్లి అరల తాళంచెవులు ఇవ్వకపోవడం మంచిది. వేరే ఊళ్ళో కాపురం పెట్టినవారు పుట్టింటి జాడీలో చెయ్యి పెట్టినట్టే అది. చదవడం మాట ఎలా ఉన్నా, విలువను మార్చే పని ఒకే ఒక్కచోట జరగాలి. హద్దులు చూసే కాపలా అక్కడే ఉంటుంది కనుక. ఇక పుట్టిన తరువాత మారని చిన్న చిన్న ఆబ్జెక్టులు, అంటే ఒక అక్షాంశమూ రేఖాంశమూ కలిసిన జంట వంటివి, నీళ్ళ కుండలే. వాటి విషయంలో ఈ చర్చంతా అనవసరం. 2021లో జావా 16తో స్థిరపడిన రికార్డులు అటువంటివాటి కోసమే.

అప్పటికే రాసి ఉన్న ప్రోగ్రామును ఏంచేయాలన్న ప్రశ్నకు రసాయన విశ్లేషణలో ఒక పాత ఉపాయం ఉన్నది. నమూనాలో తెలిసిన మోతాదు ఫ్లోరైడును కావాలని కలిపి, కలిపినంతా ఫలితంలో తిరిగి కనిపిస్తున్నదా అని చూస్తాం. దీనిని స్పైక్ అంటారు. ప్రోగ్రాముకు కూడా అదే చేయవచ్చు. అసలు దత్తాంశాలకు ఒక నకలు తీసుకుని, ఉష్ణోగ్రత 25 డిగ్రీలుగా ఉంచి, గెట్టరు ఇచ్చే విలువ నుంచి తాత్కాలికంగా 59.16 మిల్లీవోల్టులు తగ్గించండి. గెట్టరు ద్వారా వచ్చిన ప్రతి గాఢతా సరిగ్గా పదింతలు కావాలి. మన 1.60 బావి 16.0 కావాలి, పటం మీద ఎర్రబడాలి. కదలకుండా మిగిలిన అంకెలనూ, ఎర్రబడవలసి ఉండి పచ్చగానే ఉండిపోయిన చుక్కలనూ ఒక కాగితం మీద రాసుకుని, వాటిని ఏ మెథడులు పుట్టించాయో వెదకండి. ఫీల్డును నేరుగా చదివిన పంక్తులు అక్కడే దొరుకుతాయి. వాటిలో డిస్కులో భద్రపరిచే మెథడు కూడా ఉంటుంది. దానిని మాత్రం అలాగే ఉండనివ్వండి. పని పూర్తయ్యాక ఆ 59.16ను గెట్టరులోనుంచి తీసివేయడం మరువకండి.